ఎరవు ప్రసంగములు

ప్రసంగమును ఎరవు తెచ్చుకొనుట క్రైస్తవ సంఘములకు క్రొత్త కాదు. ఆఫ్రికాఖండపు ఉత్తర తీరమున హిప్పో నగరమునకు బిషప్పుగా నుండిన అగస్టీను బోధకుల కొఱకు వ్రాసిన గ్రంథమును 426వ సంవత్సర ప్రాంతమున ముగించుచు ఈ విషయమునే చర్చించెను. చక్కగా చెప్పు నేర్పు గలిగియు స్వయముగా కూర్చు శక్తి లేని బోధకుఁడు, ఇతరులు వ్రాసిన మంచి ప్రసంగమును వల్లించి ప్రజలకు వినిపించుట తప్పు కాదని ఆయన యభిప్రాయము. ఆంగ్లదేశమున నిది యభిప్రాయముగా గాక ప్రభుత్వాజ్ఞగానే వచ్చినది. ఆఱవ ఎడ్వర్డు రాజ్యకాలమున, 1547లో, పండ్రెండు ప్రసంగములు గల పుస్తకము నొకదానిని అచ్చొత్తించి దేవాలయములందు వంతులవారిగా చదువవలసినదని శాసించిరి. అందులకు కారణములు రెండు. పల్లెలలోని గురువులలో పలువురకు ప్రసంగించు శక్తి లేకుండుట యొకటి; శక్తి గలవారు ఏమి చెప్పివేయుదురో యను భయ మింకొకటి. చదువరు లీ రెండవ కారణమును మఱవకుందురు గాక. మాటను కూర్చి పెట్టువాఁడు వినువారి మనస్సులపై కొంత యధికారమును గూడ సంపాదించును.

ఈ పూర్వకథ నెత్తుకొనుటకు హేతువు కలదు. కృత్రిమ మేధ యను యంత్రవిద్య 2022 నవంబరులో చాట్‌జీపీటీ రూపమున సామాన్యుల చేతికి వచ్చినది మొదలు, ప్రసంగముల నెరవిచ్చు క్రొత్త షావుకారు బోధకుని చేతిఫోనులోనే కాపురమున్నాఁడు. వాక్యభాగమును పేర్కొని యడిగినచో నిమిషములో ప్రసంగము, ప్రార్థన, బాలుర పాఠము, మరణసమయమున చదువఁదగిన యోదార్పు, అన్నియు సిద్ధము. 2023 జూను 9వ తేదీన జర్మనీదేశమందలి ఫ్యూర్త్ పట్టణమున, సెయింటు పాల్ దేవాలయములో మున్నూరు మందికి పైగా కూడి, నలువది నిమిషముల యారాధనను తెరమీఁది బొమ్మల నోటినుండి వినిరి. ప్రార్థనలు, ప్రసంగము, ఆశీర్వచనము, దాదాపుగా నన్నియు యంత్రము కూర్చినవే. దాని నేర్పాటు చేసిన జోనాస్ సిమ్మర్‌లైన్ అను వేదాంతపండితుఁడు, బోధకుల స్థానమున యంత్రమును కూర్చుండఁబెట్టుట తన యుద్దేశము కాదనెను. వినినవారిలో కొందఱు మెచ్చిరి. ఆ మాటలలో హృదయము లేదని కొందఱు నిట్టూర్చిరి. మఱుసటి యేఁటి ఏప్రిలులో అమెరికాదేశమందలి యొక కాథలిక్కు ప్రచారసంస్థ 'ఫాదర్ జస్టిన్' అను యంత్రగురువు నొకనిని నిలిపెను. ఆతఁడు తాను నిజమైన గురువునే యని చెప్పుకొని, పాపములు ఒప్పుకొన్నవారికి క్షమాపణము సైత మొసఁగుటకు పూనుకొనఁగా, కొలఁది దినములలోనే గురువస్త్రములు తొలఁగించి ఆతనిని వట్టి జస్టిన్‌గా మార్చిరి.

ఇవి దూరదేశపు ముచ్చట లని నవ్వి యూరకుండవచ్చును. కాని అదే ఫోను రామగుండమునను గోదావరిఖనియందును పాస్టరు అయ్యగారి జేబులోను, సంఘస్థుల చేతిలోను ఉన్నది. అక్కడి సంఘములు ఎట్లేర్పడినవో తెలిసికొన్నఁ గాని ఈ యెరవు వారికి లాభమో నష్టమో తేల్చుట కుదరదు.

మన సీమలో బొగ్గును సువార్తయు ఒకే రైలుదారిని చేరినవన్నను అతిశయోక్తి కాదు. 1871లో భూగర్భశాస్త్రజ్ఞుఁడైన విలియము కింగు ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1889లో త్రవ్వకము సాగినది. ఆ బొగ్గును మోయుటకై వేసిన శాఖ ప్రధానమార్గమును కలియు కూడలియే డోర్నకలు. 1909లో వేదనాయకము శామ్యూలు అజరయ్య యచటికి మిషనరీగా వచ్చెను. ఆయన తిరునెల్వేలి సీమవాఁడు, తమిళుఁడు. పెరిగి పెద్దవాఁడైన తరువాత తెలుఁగు నేర్చుకొన్నాఁడు. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో ఆయనకు అభిషేకము జరిగెను. ఆంగ్లికను సంఘమున భారతీయుఁడు బిషప్పగుట అదియే మొదలు. 1935 నాఁటికి ఆయన క్రింద 250 మంది భారతీయ గురువులును రెండువేలకు మించిన గ్రామోపాధ్యాయులును పనిచేయుచుండిరి. ఆ యుపాధ్యాయులలో ఎక్కువమంది మాలమాదిగ పల్లెలలో పుట్టి పెరిగినవారు. అల్పవిద్యావంతులు, అల్పతరమైన జీతము. అయినను వారు బోధించు పల్లెలోనే కాపురముండి, వారి కష్టమును తమ కష్టముగా ననుభవించినవారు. రాత్రి బడిలో అక్షరములు చెప్పినవాఁడే ఆదివారము ప్రార్థన నడపెను. కలరా వచ్చినపుడు గొయ్యి త్రవ్వుటకును వాఁడే వచ్చెను. డోర్నకలు సంఘవృద్ధికి మూలము వేదాంతపాండిత్యము కాదు, ఈ కాపురమే యని మా నిశ్చయము.

గోదావరిఖని కథ తరువాతిది. 1960 ప్రాంతమున గోదావరీతీరమున గనులు తెఱవఁబడఁగా కరీంనగరు పల్లెలనుండియు, పాత గనుల సీమయైన ఇల్లెందు కొత్తగూడెములనుండియు, కోస్తా జిల్లాలనుండియు జనులు వచ్చి కార్మికవాడలలో నిలిచిరి. 1947లో నేర్పడిన దక్షిణ భారత సంఘమునకు కరీంనగరు అధ్యక్షఖండము 1978లో ఏర్పడినది. కాథలిక్కులు, బాప్తిస్టులు, పెంతెకొస్తువారు తమ తమ మందిరములు కట్టుకొనిరి. ఈ సంఘములలో పెద్ద జీతములు గల బోధకులు కొలఁదిమందియే. పగలు వేఱు పని చేసికొని రాత్రి వాక్యము సిద్ధపఱచుకొను వారు పలువురు. తెలుఁగున వ్యాఖ్యానగ్రంథములు తక్కువ. ఉన్నవియు వెల యెక్కువ. అట్టి బోధకునకు ఒక వచనపు పూర్వాపరములు, పాలస్తీనాదేశపు పంటలు, గ్రీకుమాట యర్థము తెలుఁగులో విప్పి చెప్పు సాధనము దొరికినచో, దానిని ముట్టవద్దని చెప్పుట కలవారి గర్వమే యగును. ఇంటినిండ పుస్తకములు గల గురువు యంత్రమును నిందించుట సులభము.

కావున ఎరవు తెచ్చుట తప్పని మేము చెప్పుట లేదు. ఎవరియొద్ద తెచ్చుచున్నామో యను ప్రశ్న వేఱు. 1805లో విశాఖపట్టణము చేరిన క్రానును డెగ్రాంజును తెలుఁగున సువార్తలను వ్రాయఁబూనినపుడు ఆనందరాయఁ డను బ్రాహ్మణుఁడు, అప్పటికి క్రైస్తవుఁడైనవాఁడు, వారికి తోడ్పడెను. క్రాను 1809లోను డెగ్రాంజు 1810లోను మరణించిరి. వారు సిద్ధపఱచిన మూఁడు సువార్తలు 1812లో శ్రీరామపురమున అచ్చుపడినవి. అటుపిమ్మట తెలుఁగు బైబిలు ఎన్నిమారులో దిద్దఁబడినది. ఎందుచేత? వినినవాఁడు ఈ మాట మాకు తెలియలేదనఁగలిగెను. వ్రాసినవాఁడు నేనే వ్రాసితినని యొప్పుకొనఁగలిగెను. ఆనందరాయని పేరు నేఁటికిని చరిత్రలో నిలిచియున్నది. అజరయ్యకు తెలుఁగు నేర్పినవారి తప్పులను అజరయ్య మాటలో పట్టుకొని దిద్దువారు పల్లెపల్లెకు నుండిరి. ఎరవు సొమ్ము బరువుచేటు అని మనవారి సామెత. ఆ బరువును మోయుటకు ఒక మనుష్యుఁ డుండిన దినములవి.

యంత్రమునకు తెలుఁగు ఎట్లు వచ్చినది? లక్షలకొలఁది పుటలను చదివించి, ఒక మాట తరువాత ఏ మాట వచ్చుట సంభావ్యమో లెక్కించుట దానికి నేర్పినారు. ఆ పుటలలో హెచ్చుభాగ మింగ్లీషు. తెలుఁగు పాలు మిక్కిలి స్వల్పము. అందుచేత దాని తెలుఁగు ప్రసంగము తఱచుగా అమెరికా ప్రసంగమునకు తెలుఁగు చొక్కా తొడిగినట్లుండును. లేని వచనమునకు అధ్యాయసంఖ్య కల్పించి ధైర్యముగా చెప్పుటయు దానికి కలదు. చదువు గల బోధకుఁడు గ్రంథము తెఱచి సరిచూచుకొనును. ఎవనికి యంత్రము నిజముగా నవసరమో, ఆ చదువు తక్కువ బోధకుఁడే మోసపోవుటకును ఎక్కువ యవకాశము కలదు. ఇక భాష మాట. ఇన్నాళ్లుగా కరీంనగరు స్త్రీ కోస్తావారి వ్రాఁతభాషలోనే దేవుని వాక్యమును వినుచు వచ్చినది. ఆమె యింటిభాషలో ఆమెతో మాటాడినవాఁడు ఆ వాడ పాస్టరొక్కఁడే. ఆతని నోటికి గూడ ఇప్పుడు యంత్రపు తెలుఁగు తగిలింతుమా?

గనివారికి యంత్రము క్రొత్త చుట్టము కాదు. ఆ కథను వారికంటె బాగుగ నెఱిఁగినవారు లేరు. మొదట తట్టా చెమ్మసు పట్టి బొగ్గు నింపిన కాలము. నడుము విఱుగు చాకిరి. తరువాత బొగ్గు నెత్తు యంత్రములు దిగినవి. ఓపెన్‌కాస్టు గనులు తెఱచిరి. 2014లో ఆడ్రియాల గనియందు పెద్ద లాంగ్‌వాల్ యంత్రము నెలకొల్పఁబడినది. చాకిరి తగ్గినమాట నిజము, దానిని కాదనువాఁడు తట్ట మోయనివాఁడు. కాని 1990 ప్రాంతమున సింగరేణిలో లక్షకు మించియుండిన కార్మికులు నేఁడు నలువది వేల చుట్టుపట్ల నున్నారు. బరువు దించెదనని వచ్చిన యంత్రము బరువుతోపాటు మనిషిని గూడ దించినది. దేవాలయమునందు నిట్లే జరుగునని శాసనము లేదు. జరుగదను పూఁచీయు లేదు. ప్రసంగము సిద్ధపఱచుకొను ఆఱు గంటలు అరగంటయైనపుడు, మిగిలిన కాలమును బోధకుఁడు వాడలో తిరుగుటకు వాడునా, లేక ఒక బోధకునకు మూఁడు సంఘములు అప్పగించుటకు సంఘపు పెద్దలు వాడుదురా? జీతము లిచ్చువారికి రెండవది యెంత యాకర్షకముగా నుండునో మేము వేఱుగ చెప్పనక్కఱలేదు.

2003 జూను 16వ తేదీన గోదావరిఖని ఏడవ ఎల్.ఈ.పి. గనిలో నీరు చొరఁబడి 17 మంది కార్మికులు మరణించిరి. అట్టి దినమున గనిమొగము నొద్ద నిలిచిన యాఁడువారికి ప్రసంగముతో పనిలేదు. ప్రక్కన కూర్చుండి, నీళ్లు త్రాగించి, శవము వచ్చువఱకు కదలకుండువాఁడు కావలెను. అట్లు కూర్చున్నవాఁడు మూఁడవనాఁడు సమాధియొద్ద తడఁబడుచు నాలుగు మాటలు చెప్పినను అవి నిలుచును. అదే చోట ఫోనులోనుండి చక్కని యోదార్పును చదివినచో, అది యంత్రపుదని తెలిసిన నాఁడు ఆ విధవకు కలుగు నవమానము ఏ వేదాంతముచేతను తుడువఁబడదు. ప్రసంగమందు ఎరవును సహించు మేము ఈ యొక్క చోట మాత్రము సహింపఁజాలము.

ఇంకొక యపాయమును గూర్చి మన పెద్దలు ఏమాటయు ననకుండుట చింత్యము. స్విట్జర్లాండు దేశమందలి లూసెర్న్ పట్టణమున 2024లో పీటర్స్ చాపెలు అను దేవాలయపు పాపోచ్చారణపు గదిలో యేసు రూపము గల యంత్రము నొకదానిని కొంతకాలము నిలిపిరి. వచ్చినవారిని, మీ సొంత సంగతులు దీనితో చెప్పకుఁడని యచటివారు ముందుగానే హెచ్చరించిరి. ఆ హెచ్చరిక మన యొద్ద లేదు. భర్త త్రాగుడు, కూఁతురి వివాహము, అప్పులవాని బెదరింపు, ఇవన్నియు ప్రార్థన మనవులుగా పాస్టరునకు చెప్పుకొందురు. వానిని పేర్లతో సహా యంత్రమునందు వ్రాసి దీనికి ప్రార్థన కూర్చుమని యడిగినచో, గదిలో చెప్పిన రహస్యము కంపెనీ కొట్టున చేరును. ఇది తెలియక చేయు పనియే. అందుచేతనే బోధకుల శిక్షణశాలలు దీనిని మొదటి పాఠముగా చెప్పవలెను.

రోమునుండి వచ్చిన మాటలు కొంత యుపకరించును. 2025 జనవరి 28వ తేదీన వెలువడిన వాటికను పత్రము, యంత్రమును మనుష్యునిగా చూపి జనులను భ్రమపెట్టుట కూడదని చెప్పినది. అదే సంవత్సరము మే నెలలో ఎన్నికైన పదునాలుగవ లియో, ఆ పేరు నెంచుకొనుటకు కారణము చెప్పుచు, 1891లో కార్మికుల కష్టములపై లేఖ వ్రాసిన పదుమూఁడవ లియోను స్మరించెను. అప్పటి యంత్రశాలల మార్పు వంటిదే నేఁటి కృత్రిమ మేధయనెను. సింగరేణిలో బొగ్గు త్రవ్వుట మొదలైన రెండేఁడులకే ఆ పూర్వలేఖ వెలువడినదని మన గనులవారికి ఎవరైన చెప్పిరో లేదో!

మా కోరిక చిన్నది. 1547 నాఁటి పుస్తకము పీఠముపై అందఱకు కనఁబడునట్లుండెడిది. గురువు చదువుచున్నాఁడని పామరునకును తెలిసెడిది. యంత్రపు సాయము పొందిన బోధకుఁడును ఆ మాట సంఘమునకు చెప్పవలెను. అధ్యక్షఖండముల సభలు ఇందులకు నియమ మొకటి చేసినచో చాలును. పాటల విషయమునను ఇట్లే. పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలను గనివాడలలో నేఁటికిని పాడుచున్నారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమున పాటతోపాటు రాగమును, తాళమును, కర్త పేరును అచ్చువేయు నాచారము కలదు. యంత్రము కూర్చిన పాట నొకదానిని రాఁబోవు ముద్రణమున చేర్పవలసివచ్చినచో, కర్త పేరుండవలసిన ఆ చోట ఏమి వేయుదురో సంపాదకులు ఇప్పుడే యాలోచించుకొనుట మంచిది.