రోలర్ కోస్టర్ సీటులో పొడుగోళ్ల కష్టాలు: 1884 నుంచి ఒక రౌండ్

నా హైట్ 6 అడుగుల 3 అంగుళాలు. మొన్న ఒక పార్క్‌లో గంటసేపు లైన్‌లో నిలబడి, తీరా కూర్చున్నాక భుజాల మీది బార్ లాక్ పడలేదు. "దిగండి సార్" అన్నారు. వాళ్ల తప్పేం లేదు, లాక్ పడకపోతే పంపకూడదు. కానీ వెనకాల పిల్లలు నవ్వుతుంటే దిగి రావడం ఉంది చూశారూ... సరే, ఈ సీటు కథేంటో చూద్దామనిపించింది.

1884, న్యూయార్క్ కోనీ ఐలాండ్. లామార్కస్ థాంప్సన్ పెట్టిన స్విచ్‌బ్యాక్ రైల్వేలో టికెట్ 5 సెంట్లు, స్పీడ్ గంటకి 10 కిలోమీటర్ల లోపే. జనం బెంచీ మీద పక్కకి తిరిగి కూర్చునేవారు. ఎదురుగా సీటే లేదు, ఇక మోకాళ్లకి తగిలేదేముంది?

అసలు చిక్కు తలకిందులు చేయడం మొదలయ్యాకే. 1975లో కాలిఫోర్నియాలో కార్క్‌స్క్రూ వచ్చింది, దాంతోపాటు భుజాల బార్ కూడా. తమాషా ఏంటంటే, 1976లో మ్యాజిక్ మౌంటెన్‌లో వచ్చిన రెవల్యూషన్ నిలువు లూప్ కొట్టినా ఒళ్లో బార్ ఒక్కటే! లూప్‌లో వేగమే మనల్ని సీటులోకి నొక్కేస్తుంది కాబట్టి అది సరిపోయింది. అయినా 1992లో భుజాల బార్లు తగిలించారు. తలలు కొట్టుకుంటున్నాయని జనం గొణిగారు. 2016లో మళ్లీ పీకేశారు. ఇరవై నాలుగేళ్లు పట్టింది బాబూ!

అదే 1992లో చికాగో దగ్గర బ్యాట్‌మ్యాన్ ద రైడ్ ఇంకో దారి పట్టింది. రైలు ట్రాక్ కింద వేలాడుతుంది, కాళ్ల కింద ఫ్లోరే లేదు. పొడుగోళ్ల కాళ్లు హాయిగా ఊగుతాయి. కానీ భుజాల బార్ మాత్రం అలాగే ఉంది. అంటే కాళ్లు పొడుగైతే ఓకే, నాలా నడుము పైభాగం పొడుగైతే మళ్లీ కష్టమే.

అందుకే ఇప్పుడు గేటు దగ్గర టెస్ట్ సీటు కనిపిస్తే, ముందు అందులో కూర్చుని చూసుకున్నాకే లైన్‌లోకి వెళ్తున్నా.