గృహహింస నుంచి మహిళలకు రక్షణ చట్టం, 2005

గృహహింస నుంచి మహిళలకు రక్షణ చట్టం, 2005 కుటుంబ సంబంధాల్లో హింసకు గురైన స్త్రీలకు సివిల్ పరిహారాలు కల్పించే భారత కేంద్ర చట్టం. 2005 సెప్టెంబరు 13న రాష్ట్రపతి ఆమోదం పొంది, 2006 అక్టోబరు 26న అమల్లోకి వచ్చింది.

నిర్వచనం: 3వ సెక్షన్ ప్రకారం శారీరక, లైంగిక, మాటల ద్వారా లేదా మానసికంగా, ఆర్థికంగా జరిగే వేధింపులు గృహహింస కిందికి వస్తాయి. కట్నం కోసం వేధించడమూ ఇందులో భాగమే. రక్తసంబంధం, వివాహం, వివాహం వంటి సహజీవనం, దత్తత, ఉమ్మడి కుటుంబం ద్వారా ఒకే ఇంట్లో నివసిస్తున్న లేదా నివసించిన స్త్రీలకు రక్షణ లభిస్తుంది. ప్రతివాది ‘వయోజన పురుషుడు’ అయి ఉండాలన్న పరిమితిని సుప్రీంకోర్టు 2016 అక్టోబరు 6న కొట్టివేసింది.

కౌన్సెలింగ్: 14వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు విచారణలో ఏ దశలోనైనా ప్రతివాదిని, బాధితురాలిని విడిగా గాని కలిపి గాని కౌన్సెలింగ్‌కు పంపవచ్చు. హింస పునరావృతం కాదన్న హామీ పొందడం దీని లక్ష్యమని 2006 నాటి నియమావళి పేర్కొంటుంది. చేసిన హింసను సమర్థించుకునే వాదనను ప్రతివాది కౌన్సెలింగ్‌లో వినిపించడానికి వీల్లేదు.

శిక్ష: హింసకు పాల్పడవద్దని మేజిస్ట్రేటు ఇచ్చిన రక్షణ ఉత్తర్వును ప్రతివాది ఉల్లంఘిస్తే ఏడాది వరకు జైలు, రూ.20,000 వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఇది నాన్‌బెయిలబుల్ నేరం.