నింపిన గడి ఖాళీగా కనిపించుట

ఏ యంత్రమునందైనను ఒకే తీరున కనిపించుటకై అడోబీ సంస్థ 1993లో పీడీఎఫ్ పత్రమును వెలువరించినది. 1996లో, 1.2వ కూర్పుతో, దానిలో నింపదగిన గడులు చేరినవి. చిక్కు అచ్చటనే మొదలైనది. గడిలో వ్రాసిన పేరు పత్రమునందు రెండు విధములుగ నిలుచును: ఒకటి విలువ, రెండవది తెరపై చూపుటకైన చిత్రము. ఒక సాఫ్ట్‌వేర్ విలువను వ్రాసి చిత్రమును మరచినదనుకొందము. చిత్రమునే చూపు మరియొక సాఫ్ట్‌వేరులో విద్యార్థి దరఖాస్తు ఖాళీగా కనిపించును; పేరు మాత్రము లోపల భద్రముగనే యుండును! గడిపై నొక్కగానే పేరు ప్రత్యక్షమగుట ఇందుకు ఆనవాలు.

2003లో 1.5వ కూర్పు ఎక్స్‌ఎఫ్‌ఏ అను వేరొక పద్ధతిని తెచ్చి చిక్కును పెంచినది. ఆ పద్ధతి తెలియని సాఫ్ట్‌వేరులో తరచుగా ఫారమునకు బదులు ‘దయచేసి వేచియుండుడు’ అను పుటయే దర్శనమిచ్చును. ఎంత వేచినను ఫలము లేదు. 2017 నాటి పీడీఎఫ్ 2.0 ప్రమాణము ఎక్స్‌ఎఫ్‌ఏను వాడుకనుండి తొలగింపదగినదిగా ప్రకటించినది.