గ్రేడియంట్‌కు కొలమానం: ఫ్లాష్ నుండి ఎస్.వి.జి. వరకు

1937 నాటి ‘స్నో వైట్’ చిత్రంలో బుగ్గల ఎరుపును పారదర్శక పలకలపై చేతితోనే అద్దారు. డిజిటల్ సాధనాలు ఆ శ్రమను తగ్గించాయి గాని, కొత్త చిక్కును తెచ్చాయి. ముఖం, మెడ, చేయి వేర్వేరు ఆకృతులైనప్పుడు ప్రతిదానిలోనూ గ్రేడియంట్ మళ్లీ మొదలవుతుంది; వెలుగు ఒకే దిక్కునుండి వస్తున్నట్లు తోచదు. ఫ్లాష్‌లోని ‘లాక్ ఫిల్’ దీనికొక సమాధానం: వేదిక అంతటా ఒకే గ్రేడియంట్ పరచినట్లు భావించి, ఆకృతులను దానికి కిటికీలుగా చేసింది.

2001లో డబ్ల్యూ3సి ఆమోదించిన ఎస్.వి.జి. 1.0 రెండు పద్ధతులకూ చోటిచ్చింది. అయితే వేరుగా చెప్పనప్పుడు ఆకృతి సరిహద్దు పెట్టెనే కొలమానంగా గ్రహిస్తుంది. ఒంటరి చిహ్నానికి అది సౌకర్యమే; బొమ్మకు కాదు. ఉమ్మడి కొలమానంలోనూ మెలకువ అవసరం: ఆకృతుల నిర్దేశాంకాలను మాత్రమే మార్చితే గ్రేడియంట్ ఉన్నచోటనే ఉండిపోతుంది, సమూహమంతటికీ కదలికనిస్తే దానితోపాటే సాగుతుంది.