బెండు తేలినంతవరకే

కారు పరిగెత్తడం గురించి ఆలోచించినంత శ్రద్ధగా, అందులో పెట్రోలు ఎంత మిగిలిందో డ్రైవరుకి చెప్పడం గురించి తొలినాళ్ళలో ఎవరూ ఆలోచించలేదు. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి సంగతే చూడండి. ట్యాంకు ముందు సీటు కింద ఉండేది. పెట్రోలు చూడాలంటే కూర్చున్నవాళ్ళు లేవాలి, సీటు ఎత్తాలి, మూత తీసి కొలపుల్ల ముంచాలి. పంపు కూడా లేదు. ట్యాంకు కాస్త ఎత్తులో ఉంది కాబట్టి పెట్రోలు దానంతటదే ఇంజనులోకి కారేది. ట్యాంకు అడుగంటినప్పుడు నిటారు ఘాటు ఎదురైతే కారుని వెనక్కి తిప్పి, రివర్స్ గేర్లో కొండెక్కేవాళ్ళు. అప్పుడు ట్యాంకు ఇంజను కంటే పైకొస్తుంది. నాకు ఇది చదివినప్పుడల్లా నవ్వొస్తుంది గాని, ఆలోచిస్తే అంతకంటే నమ్మకమైన పంపు మళ్ళీ రాలేదేమో. భూమ్యాకర్షణ రిపేరుకి రాదు కదా.

ఆ తర్వాత వచ్చిన మోడల్ ఎ (1928-31)లో ట్యాంకు డ్రైవరు మోకాళ్ళకి ఎదురుగా, అద్దం కిందకి చేరింది. డాష్‌బోర్డులో చిన్న గాజు కిటికీ, దాని వెనక నేరుగా ట్యాంకులోనే తేలే బెండు. బెండు దిగితే అంకె దిగుతుంది. మధ్యలో తీగలేదు, కరెంటు లేదు, అర్థం మారిపోయే అవకాశం లేదు. మనం చెరువులో నడుముకి కట్టుకుని ఈత నేర్చుకున్న బెండే, కాకపోతే ఇక్కడ పెట్రోల్లో తేలుతోంది.

ఒళ్ళో పెట్రోలు పెట్టుకుని ప్రయాణించడం మంచిది కాదని అందరికీ తెలుసు. ట్యాంకు వెనక్కి వెళ్ళాల్సిందే. వెళ్ళగానే రెండు సమస్యలు పుట్టాయి: వెనకున్న పెట్రోల్ని ముందుకి లాగేదెవరు, వెనకున్న సంగతి ముందుకి చెప్పేదెవరు? మొదటిదానికి జవాబు పంపు. రెండోదానికి జవాబు, మన మెకానిక్కులు 'ట్యాంక్ యూనిట్' అనీ 'ఫ్లోట్' అనీ పిలిచే సెండింగ్ యూనిట్.

ఇదంతా నేనెందుకు చదివానంటే, మా నాన్న దగ్గర 1980ల నాటి ప్రీమియర్ పద్మిని ఉంది. నిరుడు దానికి పంపూ, ట్యాంక్ యూనిట్టూ రెండూ మార్చాల్సి వచ్చింది. ఈ కారు అసలు ఫియట్ 1100. 1964 నుంచి బొంబాయి కుర్లాలో తయారై, 1970లలో పేరు మార్చుకుని, 2000 దాకా నెట్టుకొచ్చింది. కంపెనీ లేదు, కొత్త విడిభాగాలూ లేవు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో అట్టపెట్టెలో దొరికిందే భాగ్యం. ఆ పెట్టె మీద రాసి ఉన్నదానికీ లోపలున్నదానికీ చుట్టరికం ఉండాలని నియమమేమీ లేదు.

ముందు పంపు గురించి. పద్మినిలో ఉన్నది మెకానికల్ పంపు. ఇంజను పక్కనే బిగించి ఉంటుంది. లోపల రబ్బరు పూసిన గుడ్డ పొర ఒకటి. కామ్ షాఫ్ట్ మీద ఉబ్బు తిరిగినప్పుడల్లా ఒక చెయ్యి ఆ పొరని కిందకి లాగుతుంది, పెట్రోలు వస్తుంది. అందరూ ఇక్కడితో ఆపేస్తారు. అసలు అందం దీని తర్వాతే ఉంది. పెట్రోల్ని కార్బురేటర్లోకి తోసేది ఇంజను కాదు, పొర వెనకున్న స్ప్రింగు. కార్బురేటరు నిండి సూది మూసుకుంటే స్ప్రింగు ఇక తొయ్యలేదు. పొర కిందే ఉండిపోతుంది, చెయ్యి ఊరికే ఊగుతుంది. ఇంజను ఎంత వేగంగా తిరిగినా ఒత్తిడి స్ప్రింగు బలాన్ని దాటదు. సాఫ్ట్‌వేర్లో దీన్ని మేము బ్యాక్‌ప్రెషర్ అంటాం. తీసుకునేవాడు చాలన్నాక ఇచ్చేవాడు ఆగడమన్నమాట. దానికోసం పేజీల కొద్దీ కోడ్ రాస్తాం. ఇక్కడ ఒక్క స్ప్రింగుతో అయిపోయింది.

లోపమూ ఉంది. వేడి ఇంజనుని అంటుకుని ఉండడం వల్ల మే నెల ఎండలో పంపులోనే పెట్రోలు ఆవిరైపోతుంది, బండి ఆగిపోతుంది. పంపు మీద తడిగుడ్డ చుట్టిన డ్రైవర్లని మీ ఇంట్లో పెద్దవాళ్ళు చూసే ఉంటారు. ఇంకో ప్రమాదం, పొర చిరిగితే పెట్రోలు ఇంజను ఆయిల్లోకి దిగుతుంది. ఆయిలు పల్చబడి ఇంజను అరిగిపోయేదాకా బయటికి తెలియకపోవచ్చు. అందుకని పంపు పాతబడితే డిప్‌స్టిక్ తీసి వాసన చూడమంటారు.

బ్రిటిష్‌వాళ్ళు ఇంకో దారి పట్టారు. మోరిస్ మైనర్ లాంటి కార్లలో ఎస్.యు. వారి ఎలక్ట్రిక్ పంపు. తాళం తిప్పగానే టిక్ టిక్ మనేది, మొరాయిస్తే మీద ఒక్కటిచ్చేవాళ్ళు. ఎస్.యు. అంటే స్కిన్నర్ యూనియన్. ఆ స్కిన్నర్లది చెప్పుల వ్యాపారం చేసిన కుటుంబం. వాళ్ళ మొదటి కార్బురేటర్లలో తోలు తిత్తి ఉండేది! కంసాలి కొలిమి తిత్తి గుర్తొచ్చింది నాకు.

ఇక ట్యాంక్ యూనిట్. బెండుకి ఒక చెయ్యి, ఆ చెయ్యి చివర తీగచుట్ట మీద జారే చిన్న రేకు. బెండు లేచినా దిగినా తీగలో కరెంటుకి అడ్డు, అంటే రెసిస్టెన్స్, మారుతుంది. డాష్‌బోర్డులో మీటరు ఆ మార్పుని ముల్లుగా చూపిస్తుంది. చాలా పాత కార్ల మీటర్లో ఉండేది రెండు లోహాలు అతికించిన పట్టీ. వేడెక్కితే వంగుతుంది, ముల్లుని నెడుతుంది. వేడెక్కడానికి టైము పడుతుంది కాబట్టి గతుకుల్లో పెట్రోలు ఎంత కుదిపినా ముల్లు ఊగదు. మందకొడితనమే దాని సుగుణం. బ్యాటరీ వోల్టేజి మారితే ముల్లు తప్పు చెప్పకుండా, బ్రిటిష్ స్మిత్స్ మీటర్లకి సగటున 10 వోల్టులు మాత్రమే ఇచ్చే స్టెబిలైజర్ పెట్టేవాళ్ళు. రెండు మీటర్లూ, అంటే పెట్రోలుదీ ఇంజను వేడిదీ, ఒకేసారి పిచ్చిగా చూపిస్తుంటే ముందు దాన్నే అనుమానించాలి.

అసలు గొడవ ఏమిటంటే, బెండు చెప్పే భాష, ముల్లు వినే భాష ఒకటే అయి ఉండాలి. అమెరికాలో జనరల్ మోటార్స్ వాళ్ళు 1965 దాకా ఖాళీకి 0, నిండుకి 30 ఓములు పెట్టుకుని, తర్వాత 0 నుంచి 90కి మారారు. ఫోర్డ్ వాళ్ళది పూర్తిగా తిరగేసిన లెక్క: ఖాళీకి 73, నిండుకి 10. బజారులో 'యూనివర్సల్' అని అమ్మేవి ఖాళీకి 240, నిండుకి 33. ఈ యూనివర్సల్ యూనిట్‌ని జనరల్ మోటార్స్ మీటరుకి తగిలించారనుకోండి. ట్యాంకు ఎండిపోయినప్పుడు ముల్లు నిండుకుండలా చూపిస్తుంది. ఏ భాగమూ చెడిపోలేదు. అన్నీ కొత్తవే, అన్నీ సరిగ్గానే పనిచేస్తున్నాయి. హైవే మీద బండి ఆగిపోయింది, అంతే.

కాబట్టి కొనేముందు చెయ్యాల్సిన పని పాత యూనిట్‌ని మల్టీమీటరుతో కొలవడం: బెండు అట్టడుగున ఎంత, నడుమన ఎంత, పైన ఎంత. చెయ్యి పొడవూ కొలవాలి, ట్యాంకు లోతూ కొలవాలి. నేను కొలిచాను. విచిత్రంగా తీగచుట్ట బాగానే ఉంది. పాడైంది బెండు. అది రేకు డబ్బా. వేడినీళ్ళలో ముంచితే అతుకు దగ్గర బుడగలొచ్చాయి. లోపలికి పెట్రోలు దూరి, బరువెక్కి, మునిగింది. ముల్లు ఎప్పుడూ ఖాళీ అనేది.

"అది ఖాళీ అంటే నేను పోయిస్తూనే ఉన్నా కదరా, దారిలో ఎప్పుడైనా ఆగిందా?" అన్నారు నాన్న. నిజమే. ఏళ్ళ తరబడి ఆయన ముల్లుని చూడ్డం మానేసి, కిలోమీటర్లు లెక్కపెట్టి పెట్రోలు పోయిస్తున్నారు.

పంపు విషయంలో మాత్రం కొలత సరిపోలేదు, కాలం కూడా చూసుకోవాల్సొచ్చింది. పెట్రోల్లో ఆల్కహాలు కలపడం మనకి కొత్తేమీ కాదు, 1948లోనే ఇండియన్ పవర్ ఆల్కహాల్ యాక్ట్ ఉంది. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో సహా 9 రాష్ట్రాల్లో 5 శాతం ఇథనాల్ మొదలైంది. 2022లో దేశమంతటా 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. 20 శాతం వద్దు, పాత పెట్రోలు కూడా అందుబాటులో ఉంచండని వేసిన పిటిషన్‌ని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో కొట్టేసింది. రైతుకి డబ్బొస్తుంది, దిగుమతి తగ్గుతుంది, ఆ వాదనని నేను తేలిగ్గా తీసెయ్యను. పాత బండ్లలో కొన్ని రబ్బరు భాగాలు మార్చుకుంటే సరిపోతుందని ప్రభుత్వం అంటోంది. భాగాలు దొరికే బండికి అది సరిపోతుంది. 2000లో ఆగిపోయిన కారుకి ఆ రబ్బరు ఎవరు చేస్తారు?

ఇథనాల్ కొన్ని రకాల పాత రబ్బరుని ఉబ్బించి మెత్తబరుస్తుంది. గాల్లో తేమని పీలుస్తుంది, నెలల తరబడి నిలిపి ఉంచిన బండి ట్యాంకులో నీళ్ళు అడుగున విడిపోయి తుప్పు పట్టిస్తాయి. ఇంకా పాత కార్ల బెండ్ల కథ మరీ విషాదం. నిజం బెండుకి పెట్రోలు పీల్చకుండా లక్క పూసేవాళ్ళు. ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసే లక్కే. పెట్రోలు లక్కని ఏమీ చెయ్యలేదు. ఆల్కహాలు కరిగిస్తుంది. వడ్రంగులు లక్కని స్పిరిట్‌లో కరిగించే కదా పాలిష్ చేస్తారు! పూత పోయాక బెండు నానుతుంది, మునుగుతుంది.

చాలామంది సలహా ఇచ్చినట్టు ఎలక్ట్రిక్ పంపు పెట్టెయ్యొచ్చు. కాని ఇంజెక్షన్ కార్ల పంపు ఒత్తిడి సుమారు 3 బార్లు, కార్బురేటరుకి కావలసింది అందులో పదో వంతు. పెద్దది పెడితే సూదిని తోసుకుని పెట్రోలు వేడి ఇంజను మీదకి పొంగుతుంది. తక్కువ ఒత్తిడిది పెట్టినా, యాక్సిడెంట్ అయ్యి ఇంజను ఆగినప్పుడు పంపు కూడా ఆగిపోయే ఏర్పాటు విడిగా చెయ్యాలి. మెకానికల్ పంపుకి ఆ బెంగ లేదు, ఇంజను ఆగితే అదీ ఆగుతుంది.

చివరికి మెకానికల్‌దే కొన్నాం. అంచులు నొక్కేసి మూసినది కాదు, స్క్రూలు విప్పి పొర మార్చుకునే రకం. కొంచెం ఖరీదెక్కువ. ఇథనాల్ తట్టుకునే రబ్బరుతో చేసిన పొర విడిగా సంపాదించి వేయించాం, పైపులు కూడా మార్పించాం. ట్యాంక్ యూనిట్ పాతదే ఉంచి ప్లాస్టిక్ బెండు తగిలించాం. పాత పంపుకీ ఒక పొర వేసి డిక్కీలో పెట్టారు నాన్న. దాని పక్కనే ఒక తడిపే గుడ్డ, నీళ్ళ సీసా.