శిల్పి పేరు విధికుడు

నాగార్జునకొండ మ్యూజియం 1966లో మొదలైంది. ఈ ఏడాదితో దానికి షష్టిపూర్తి. మన నూజెండ్ల తరఫున ఒక వ్యాసం కావాలి, మీరే రాయాలి మాస్టారూ అని షష్టిపూర్తి సంచిక తెస్తున్న సంఘం వారు ఇంటికొచ్చి అడిగారు. డ్రాయింగ్ మాస్టారుగా ఉన్నన్నాళ్ళూ ఏటా పిల్లల్ని వినుకొండ, మాచర్ల మీదుగా విజయపురి సౌత్‌కు తీసుకెళ్ళి, లాంచీ ఎక్కించి మ్యూజియం ఉన్న దీవిలో దించినవాణ్ణి. కాదనలేకపోయాను.

ముందు పెద్దల్ని తలుచుకోవాలి. 1926లో నాగార్జునకొండ లోయలో శిథిలాలను గుర్తించినవారు రంగస్వామి సరస్వతి గారు. 1927 నుంచి 1931 దాకా లాంగ్‌హర్స్ట్ దొర, 1938లో టి.ఎన్. రామచంద్రన్ గారు తవ్వించారు. 106 అడుగుల వ్యాసంతో, బండి చక్రంలా ఆకులు పోసి కట్టిన మహాచైత్యం లాంగ్‌హర్స్ట్ కాలంలోనే బయటపడింది. ఇదంతా నేను పుస్తకాల్లో చదివిందే.

1954 తర్వాతి సంగతి అలా కాదు. అది మా ఇంట్లో విన్నది.

కృష్ణకు అడ్డంగా ఆనకట్ట కట్టాలని నిర్ణయమైంది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. నీళ్ళు నిలిస్తే ఇక్ష్వాకుల పాత రాజధాని విజయపురి మొత్తం మునిగిపోతుంది. డా. ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో 1954 నుంచి 1960 దాకా, వందకు పైగా చోట్ల, గడువు తరుముకొస్తుంటే తవ్వారు. తవ్వడంతో పని తీరలేదు. కొన్ని కట్టడాలను విప్పి, మోసి, కొండ మీదా అనుపు దగ్గరా మళ్ళీ పేర్చారు. శిల్పాలకు కొండ మీద బౌద్ధ విహారం తీరులో ఇల్లు కట్టారు. అదే మన మ్యూజియం. లోయలో ఉన్న పుల్లారెడ్డిగూడెం మాత్రం నీళ్ళలో కలిసిపోయింది.

మా మేనమామ ఆ తవ్వకాల్లో తట్ట మోశాడు. ఆనాటి ఇటుక 20 అంగుళాల పొడవు, 10 వెడల్పు, 3 మందం. రెండు చేతులా ఎత్తితే గానీ లేవదు. పలుగు పట్టిన చేతికే ఒక్కోరోజు కుంచె ఇచ్చేవారట. సున్నపురాతి మీద మొహం లాంటిది కనపడితే చాలు, పార పక్కన పెట్టేసి చంటిబిడ్డకు నలుగు తీసినట్టు మట్టి తుడవాలి. చదువు రాని మా మామయ్య, ఏది మాంధాత కథో ఏది శిబి కథో చెప్పగలిగేవాడు. బొమ్మను అంత దగ్గరగా చూడటం నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆ తర్వాతే బొమ్మ వేయడం.

1966 తర్వాత చాలా ఏళ్ళు చెప్పుకోదగ్గ మార్పేమీ లేదు. లాంచీలు తిరిగాయి, జనం వచ్చి వెళ్ళారు. 2019లో గోదావరి మీద కచ్చులూరు దగ్గర బోటు మునిగాక ఇక్కడా కొంతకాలం లాంచీలు ఆగాయి.

ఈ రాళ్ళు ఎంతమంది చేత ఎన్ని పనులు చేయించాయో చెప్పాలి. మ్యూజియానికి కప్పు పడకముందే అడివి బాపిరాజు గారు ఇక్ష్వాకుల కథతో ‘అడవి శాంతిశ్రీ’ నవల రాశారు. ఆయన చిత్రకారుడు కూడా. 1955లో సినారె గారి ‘నాగార్జున సాగరం’ కావ్యం వచ్చింది. మాచర్ల పక్కన దుర్గిలో ఇప్పటికీ ఉలి చప్పుడు వినపడుతుంది. నా దగ్గర బొమ్మలు నేర్చుకున్న ఒక కుర్రాడు ఇప్పుడు రాయి చెక్కుతున్నాడు. బడిలో ఉండగా, మ్యూజియంలో బుద్ధుడి కథలు వరసగా చెక్కిన దూలం ముందు వాడు ఒక పూటంతా నిలబడిపోయాడు. రెండు ఘట్టాల నడుమ సన్నటి గడిలో ఒక ఆడా మగా నిలబడి ఉంటారు, మళ్ళీ కథ మొదలవుతుంది. “కథకు ఊపిరి పీల్చుకోను చోటు ఇచ్చారు సార్” అన్నాడు. పదో తరగతి పిల్లవాడు చెప్పిన ఆ మాటకు మించిన వ్యాఖ్య నేను చదవలేదు.

అనుపులో మళ్ళీ పేర్చిన రంగస్థలం మధ్య మా ఊరి డప్పు కళాకారుడు ఒకసారి నిలబడి ఒక్క దరువు వేశాడు. నాలుగు వైపులా మెట్లు, మధ్యలో దీర్ఘచతురస్రపు నేల. పై మెట్టు మీద కూర్చున్న నాకు ఆ దెబ్బ గుండెల మీద పడ్డట్టే వినపడింది. ఆయన డప్పు దించి, కాసేపు ఏమీ వాయించకుండా చుట్టూ చూశాడు. తర్వాత గంటసేపు ఆపలేదు.

ఇక దాతల పేర్లు. సంచికలో అవి ఉండి తీరాలి. మహాచైత్యానికి దానమిచ్చిన చాంతిసిరి, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి మేనత్త. మామూలు ఉపాసిక బోధిసిరి చుల్లధమ్మగిరి మీద సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది. సింహళ విహారంలో బోధివృక్షానికి గుడి, దేవగిరి మీద శాల, పుబ్బసేలలో చెరువు, కంటకసోలలో రాతి మంటపం, పాపిలలో ఏడు గదులు, ఇవన్నీ ఆమె ఇచ్చినవే. ఈ దానాలు చెప్పే శాసనంలో ఆమె తన బంధువుల పేర్లెన్నో చెక్కించింది. పని చూసిన ముగ్గురు థేరుల (పెద్ద భిక్షువుల) పేర్లు చందముఖుడు, ధమ్మనంది, నాగుడు. చివర ఇంకొక పేరుంది: రాతి పనివాడు విధికుడు.

పదిహేడు వందల ఏళ్ళ కిందట, దానం చేసిన ఇల్లాలి పేరు చెక్కిన రాతి మీదే రాతి పనివాడి పేరూ చెక్కారు. మా మామయ్యతో తట్ట మోసినవాళ్ళ పేర్లు మాత్రం నాకు ఎక్కడా కనపడలేదు. చెప్పకూడదనుకున్నాను గానీ, రాయకుండా ఈ వ్యాసం పూర్తికాదు. ఆ పేర్లతో ఒక పలక పెట్టించమని ఒక కార్యాలయానికి రెండుసార్లు ఉత్తరం రాశాను. జవాబు రాలేదు.

నేను కాలేజీలో ఉండగా మామయ్యను మ్యూజియానికి తీసుకెళ్ళాను. శిల్పాల దగ్గర ఆయన ఎక్కువసేపు ఆగలేదు. మునిగిన లోయ నమూనా దగ్గరికి వచ్చాక కదల్లేదు. కళ్ళు చికిలించి వంగి, వేలు గాల్లోనే తిప్పుతూ, “అల్లుడూ, ఇదిగో ఇక్కడ మేం అన్నం తినేవాళ్ళం. ఇక్కడ చింతచెట్టు” అన్నాడు. నమూనాలో చెట్టు లేదు. ఆయన వేలు ఆగిన చోట ఉత్త పచ్చరంగు. ఆ చెట్టు కొమ్మకు ఉయ్యాల కట్టి, బిడ్డను అందులో వేసి, సాయంత్రం దాకా మట్టి మోసిన ఒక ఆడమనిషి పేరు చెప్పాడు. లాంచీ వచ్చేదాకా ఒక్కొక్క పేరే గుర్తు చేసుకుంటూ చెబుతుంటే నోటు పుస్తకంలో రాసుకున్నాను. మొత్తం 23 మంది.

ఆ పుస్తకం సంఘం వారికి ఇచ్చాను. ఈ సంచిక చివరి పేజీలో వేస్తామన్నారు. ఉయ్యాల కట్టిన ఆమె పేరు ముందు వేయమని అడిగాను.