మన్రో దొర గొలుసు నుంచి సోలార్ పలకల దాకా



మన పక్క ఊర్లల్లో సోలారోళ్లు భూములు కౌలుకు అడుగుతా తిరుగుతున్నారు. ఇంకోపక్క రైతు గుర్తింపు సంఖ్య కోసం ఆధార్, పాసుపుస్తకం, ఫోన్‌కొచ్చిన ఓటీపీ ఇచ్చి వస్తున్నాం. ఒకటి మన ఎండ, ఇంకోటి మన లెక్క. ఆ లెక్కనే ఇప్పుడు డేటా అంటున్నారు. మనలాంటి బీద దేశాలకు ఈ రెండూ కొత్త ఆస్తులంట. నిజమే. అయితే ఆ ఆస్తి ఎవరికి అక్కరకొస్తుందో తెలియాలంటే పాత సంగతి ఒకటి చూడాల.

1800లో నిజాం కడప, బళ్లారి, అనంతపురం ప్రాంతాలను కుంపిణీకి ఇచ్చేశాడు. అందుకే దత్తమండలాలన్నారు. థామస్ మన్రో కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. 33 అడుగుల గొలుసు పట్టించి ప్రతి చేనూ కొలిపించాడు. మెట్ట ఎంత, మాగాణి ఎంత, తోట ఎంత, అంతా కాగితం మీదికెక్కింది. రైతు పేరుతోనే పన్ను కట్టించుకున్నాడు. పాలెగాళ్ల పీడ తగ్గిందని జనం సంతోషించారు, పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు కూడా పెట్టుకున్నారు.

కానీ ఆ లెక్క పెట్టింది శిస్తు వసూలుకే. శిస్తు భారమైంది, నాలుగో వంతు తగ్గించాలని 1807లో మన్రోనే రాశాడు. ఆయన 1820లో మద్రాసు గవర్నరుగా తిరిగొచ్చేదాకా అది జరగలేదు. చూడండి, లెక్కలో మన చేను ఉంది, ఆ లెక్క మీద మన మాట మాత్రం చెల్లలేదు.

తర్వాత కూడా అంతే. పుస్తకం కర్ణం దగ్గర, చేను మన దగ్గర. అడంగల్ నకలు కోసం మా నాయన కర్ణం అరుగు కింద నిలబడింది నేను చూసినా. 1984లో కర్ణాల వ్యవస్థ పోయింది. ఇప్పుడు పుస్తకం కంప్యూటర్లోకి పోయింది.

ఎండ సంగతికొస్తే పావగడ చూడండి. కర్ణాటకదే గానీ మూడు పక్కలా మన పొలిమేరే, తెలుగు మాట్లాడేవాళ్లూ శానామంది. అక్కడ సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు పెట్టినారు. రైతులు భూమి అమ్మలేదు, ఏడాదికి ఎకరాకు 21,000 రూపాయల కౌలుకిచ్చినారు. రెండేళ్లకోసారి అయిదు శాతం పెంపు. కరువు నేలకు అది మేలే. భూమి వాళ్ల పేరు మీదే ఉంది. అయితే భూమి లేని కూలోళ్లకు కౌలు లేదు, చేలల్లో పనీ పోయింది. గొర్లు మేపేవాళ్లకు బీడూ పోయింది.

కాబట్టి అమ్మడం వేరు, కౌలుకియ్యడం వేరు. కౌలు ఎన్నేళ్లకోసారి ఎంత పెరుగుతుంది, గడువయినాక పలకలు ఎవరు తీస్తారు, ఇవి కాగితంలో ఉన్నాయా చూడండి. మీ సర్వే నంబరు, విస్తీర్ణం ఆన్‌లైన్లో సరిగా ఉన్నాయో ఇప్పుడే చూసుకోండి. తప్పుంటే కౌలు డబ్బులు ఇంకొకరి ఖాతాలో పడతాయి. ఊర్లో కూలోళ్ల గతేందో కూడా గ్రామసభలో అడుగుదాం.

మా ఇంట్లో మాత్రం ఒకటే మాట అనుకున్నాం. అగ్రిమెంటు తెలుగులో చదివి వినిపించి, ఒక కాపీ మా చేతికిచ్చేదాకా సంతకం లేదు.